నర్సు మాట చెల్లిన చోట

ఈ సభలోని నర్సుల్లో కొందరు రాత్రి డ్యూటీ దిగి ఇంటికి కూడా పోకుండా ఇక్కడికి వచ్చారని ఎరుగుదును.

కోవిడ్ కాలంలో విధుల్లో ఉండి కన్నుమూసిన నర్సుల పేరిట ఈ స్మారకోపన్యాసం జరుగుతున్నది. 2021 మే నెలను ఈ సభలో ఎవరూ మరిచిపోలేదు. ఆక్సిజన్ పడక దొరకడమే బతుకుగా ఉండిన రోజులవి. ఆ రోజుల్లో పడక పక్కన నిలబడినవారి త్యాగాన్ని పొగుడుతూ మాటలు చాలా వచ్చాయి. నేను వారి పనిని గురించి మాట్లాడదలచాను. రోగి పెదవుల రంగు మారడం, ఊపిరి వేగం పెరగడం, మాట తడబడటం ముందుగా కనిపెట్టింది వారే. కనిపెట్టిన సంగతిని ఎవరికి చెప్పారు, చెప్పినప్పుడు ఏమి జరిగింది అన్నది ఆ పనిలో సగభాగం.

నేను ప్రతిపాదించేది ఒక్కటే. ఆసుపత్రిలో రోగికి జరగకూడని హాని జరగకుండా ఆపే శక్తి యంత్రాలకంటే, భవనాలకంటే నర్సు చూపులో ఎక్కువగా ఉంది. అయితే ఆ చూపుకు అధికారం తోడవ్వాలి. నర్సు చూసినదాన్ని కొలవగలగాలి, కొలిచినదాన్ని రాయగలగాలి, రాసినదాన్ని బట్టి పనిని ఆపగలగాలి, మొదలుపెట్టగలగాలి. రెండు వందల ఏళ్ల ఆసుపత్రుల చరిత్రలో రోగి భద్రత పెరిగిన ప్రతిచోటా నర్సు మాటకు చెల్లుబాటు పెరిగింది. అది ఆగినచోట భద్రతా ఆగింది.

మన నేల సంగతి ముందు చెప్పుకుందాం. పాత సేలం జిల్లాలో ఉండి, 1965లో ధర్మపురి జిల్లాలో చేరి, 2004 ఫిబ్రవరి 9న కృష్ణగిరి జిల్లాగా విడివడిన ఈ బారామహల్ ప్రాంతంలో అమ్మతో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడుతూ పెరగడం మామూలు. ఉర్దూ మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. సిప్కాట్ పారిశ్రామికవాడల్లో పరిశ్రమలు వచ్చాక ఒడియా, హిందీ, భోజ్‌పురి మాట్లాడే కార్మికులూ వచ్చారు. ఒకవైపు గంట ప్రయాణంలో బెంగళూరు, మరోవైపు అంచెట్టి, జవళగిరి కొండదారుల్లో బస్సు కోసం కాచుకునే పల్లెలు. 2022 జనవరి 12న ప్రధానమంత్రి తమిళనాడులో ప్రారంభించిన పదకొండు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో కృష్ణగిరిది ఒకటి. అంతకు కొన్ని నెలల ముందు, 2021 ఆగస్టు 5న, శూలగిరి దగ్గరి సామనపల్లిలో ముఖ్యమంత్రి స్టాలిన్ 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని మొదలుపెట్టారు. ఇంటి గడప దగ్గరే రక్తపోటు చూసి, చక్కెర చూసి, మందులు ఇచ్చి, మంచం పట్టినవారికి సేవ చేసే ఈ పథకానికి 2024లో ఐక్యరాజ్యసమితి అంతర్‌సంస్థల కార్యదళం పురస్కారం లభించింది. దాని వెన్నెముక మహిళా ఆరోగ్య కార్యకర్తలు, నర్సులు. రాష్ట్రం మొత్తానికి చేరిన ఈ నడక మన జిల్లా పల్లెలో మొదలయిందన్నది మనం గర్వంగా చెప్పుకోవలసిన విషయం. డాక్టరు కంటికి దూరంగా, ఒక ఇంటి అరుగు మీద నర్సు ఒంటరిగా తీసుకునే నిర్ణయం ఎంత భద్రమైనదన్న ప్రశ్ననూ ఆ పథకమే మన ముందుకు తెచ్చింది.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1840లలో వియన్నా పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలు పక్కపక్కనే ఉండేవి. మొదటిదానిలో వైద్య విద్యార్థులు పురుళ్లు పోసేవారు, రెండోదానిలో మంత్రసాని విద్యార్థినులు. 1846లో మొదటి విభాగంలో నూటికి 11 మందికి పైగా తల్లులు చనిపోతే, రెండోదానిలో 3 కంటే తక్కువ. మొదటి విభాగంలో చేర్చవద్దని గర్భిణులు కాళ్లమీద పడి వేడుకునేవారట. శవపరీక్ష గది నుంచి కడుక్కోని చేతులతో వచ్చిన విద్యార్థులే జ్వరాన్ని మోసుకొస్తున్నారని అక్కడి వైద్యుడు ఇగ్నాజ్ సెమెల్వైస్ 1847లో గుర్తించి, క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. మరణాలు తగ్గాయి. అయినా పెద్దలు ఆయన మాటను చాలాకాలం ఒప్పుకోలేదు. ఈ కథలో సెమెల్వైస్ పేరు నిలిచింది, నిలవవలసిందే. కానీ పక్క వార్డులో తక్కువ మరణాలతో పురుళ్లు పోసిన ఆ స్త్రీల పనిని అంతవరకూ ఎవరూ ప్రమాణంగా తీసుకోలేదు. జవాబు కళ్లెదుటే, మరో వార్డు లెక్కలపుస్తకంలో ఉండింది.

ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను మనం దీపంతోనే గుర్తుపెట్టుకున్నాం. ఆమె చేతిలో దీపంతో పాటు లెక్కలూ ఉండేవి. క్రిమియా యుద్ధకాలంలో, 1854 నవంబరులో, స్కుటారీ సైనిక ఆసుపత్రికి చేరిన ఆమె, సైనికులు గాయాలకంటే విరేచనాలతో, టైఫస్‌తో ఎక్కువగా చనిపోతున్నారని చూసింది. 1855 ఫిబ్రవరిలో ఆ ఆసుపత్రిలో మరణాలు నూటికి 42 దాటాయి. మార్చిలో శానిటరీ కమిషన్ వచ్చి మురుగుకాలువలు శుభ్రం చేయించి, గాలి ఆడేలా చేశాక జూన్ నాటికి సుమారు 2కు దిగాయి. ఆమె ఆ అంకెలను బొమ్మలుగా గీసి మంత్రుల ముందు పెట్టింది. రాయల్ స్టాటిస్టికల్ సొసైటీలో చేరిన తొలి మహిళ ఆమె. భారతదేశంలోని సైనిక స్థావరాల ఆరోగ్యంపై 1863లో వెలువడిన రాయల్ కమిషన్ నివేదిక వెనుక కూడా ఆమె శ్రమ ఉంది. నేడు 'క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్' అని శిక్షణల్లో చెప్పే పని ఇదే: లెక్కించు, కారణం వెతుకు, ఒక మార్పు చెయ్యి, మళ్లీ లెక్కించు.

మన రాష్ట్రానికి నర్సు శిక్షణలో పాత పేరుంది. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1871లో నర్సుల శిక్షణ మొదలయింది. 1926లో మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. పక్కనే ఉన్న వేలూరులో ఐడా స్కడర్ నెలకొల్పిన ఆసుపత్రి 1946లోనే, ఢిల్లీతో పాటుగా, దేశంలో బి.ఎస్సీ. నర్సింగ్‌ను ప్రారంభించింది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. అయితే ఇంతటి చరిత్రలో ఒక లోటు ఉంది. నర్సుకు మనం చెప్పడం నేర్పాం, ఎదురు చెప్పడం నేర్పలేదు. డాక్టరు రాసిన మోతాదు తప్పని తోచినా 'రాసింది రాసినట్టు ఇచ్చాను' అనడమే క్షేమమని తరాల నర్సులు నమ్మారు. వారిని తప్పుపట్టలేం. ప్రశ్నించినవారికి ఏమి జరిగిందో వాళ్లు చూశారు.

ఈ అలవాటును బద్దలుకొట్టిన ఘట్టం ఈ శతాబ్దపు మొదటి పదేళ్లలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జరిగింది. ఐసీయూలో మెడ దగ్గరో, భుజం కిందో పెద్ద సిరలోకి వేసే గొట్టం ద్వారా రక్తానికి సూక్ష్మక్రిములు సోకి రోగులు చనిపోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. వైద్యుడు పీటర్ ప్రొనొవోస్ట్ బృందం అయిదు పనుల చిట్టా తయారుచేసింది: చేతులు కడగాలి, ఒంటినిండా శుభ్రమైన గుడ్డ కప్పాలి, చర్మాన్ని క్లోరెక్సిడిన్‌తో తుడవాలి, వీలైనంతవరకు తొడ దగ్గరి సిరను వాడకూడదు, అక్కర తీరిన గొట్టాన్ని వెంటనే తీసెయ్యాలి. ఇందులో ఏ డాక్టరుకూ తెలియనిది ఏదీ లేదు. కొత్తదనం ఒక్కచోటే ఉంది. డాక్టరు ఒక మెట్టు దాటేస్తే నర్సు అక్కడికక్కడే పనిని ఆపవచ్చు, ఆసుపత్రి యాజమాన్యం నర్సు పక్షాన నిలబడుతుంది. వందకు పైగా ఐసీయూల్లో, మూడు నెలల్లోనే, వెయ్యి గొట్టం-రోజులకు 2.7గా ఉన్న మధ్యగత సోకుడు రేటు సున్నాకు దిగింది. 2006లో ఈ ఫలితం ప్రచురితమయింది. చాలామంది దాన్ని చిట్టా విజయంగా చెప్పుకున్నారు. నా దృష్టిలో అది నర్సు నోటికి దక్కిన అధికారం విజయం. కాగితం ఆ అధికారానికి సాక్షి మాత్రమే.

మన దేశానుభవం ఇదే సంగతిని మరోవైపు నుంచి చెబుతుంది. కర్ణాటకలోని బెళగావి జిల్లా గోకాక్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన సురక్షిత ప్రసవ చిట్టాను పరీక్షించారు. 29 అవసరమైన పనుల్లో అంతకుముందు సగటున 10 జరిగేవి, చిట్టా వచ్చాక 25 జరిగాయి. ఆ ఉత్సాహంతో ఉత్తరప్రదేశ్‌లో 120 ఆసుపత్రుల్లో, ఒకటిన్నర లక్షలకు పైగా తల్లులతో పెద్ద అధ్యయనం చేశారు. 2017లో ఫలితం వచ్చింది. శిక్షకులు వెంట ఉన్న రెండో నెలలో నూటికి 73 పనులు జరిగాయి. శిక్షణ లేని చోట్ల 42. శిక్షకులు వెళ్లిపోయాక పన్నెండో నెలకు 73 కాస్తా 62కు జారింది. అన్నిటికంటే బాధాకరమైన విషయం, తల్లీబిడ్డల మరణాల్లో, తీవ్రమైన కీడుల్లో తేడా కనబడలేదు. ఈ ఫలితం చూసి చిట్టాలు వ్యర్థమని తేల్చినవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. ప్రమాదం ముంచుకొస్తున్నదని గుర్తించినా, రక్తం, ఆపరేషన్ చేయగల డాక్టరు, పై ఆసుపత్రికి చేర్చే దారి లేకపోతే గుర్తింపు ఒక్కటే ప్రాణం నిలపదు. నర్సు చూపు వెనుక వ్యవస్థ ఉండాలి.

కొలత సంగతికి వస్తాను. బాలింత రక్తస్రావాన్ని మనం తరతరాలుగా కంటితో అంచనా వేస్తూ వచ్చాం. దూదిలో ఎంత, గుడ్డలో ఎంత, బల్ల కింద ఎంత అని. అనుభవం ఉన్న కన్ను కూడా పారిన రక్తాన్ని తక్కువగానే లెక్కిస్తుందని పదేపదే తేలింది. బెళగావిలోనే, ఈ శతాబ్దం మొదట్లో, తల్లి నడుము కింద పరిచే ప్లాస్టిక్ సంచికి గీతలు గీసి రక్తం కొలిచే పద్ధతిని రూపొందించారు. ఇరవై ఏళ్ల తరువాత, 2023లో, కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనంలో గీతల సంచీ, దాన్ని చూడగానే మొదలుపెట్టే చికిత్సల కట్ట కలిపి వాడారు. రక్తస్రావాన్ని గుర్తించడం నూటికి 51 నుంచి 93కు పెరిగింది. తీవ్ర రక్తస్రావం, దానితో వచ్చే ఆపరేషన్, మరణం కలిపి చూస్తే 4.3 నుంచి 1.6కు తగ్గాయి. ఆ కట్టలోని చికిత్సలను నర్సో మిడ్‌వైఫో డాక్టరు కోసం కాచుకోకుండా మొదలుపెట్టింది. గీత దగ్గరకు రక్తం చేరినప్పుడు ఆమెను ఇక ఎవరూ 'నీకు అలా అనిపిస్తున్నదేమో' అనలేరు. గీత ఆమె మాటకు బలమయింది. మన ప్రసూతి వార్డులన్నిటిలో ఈ సంచీ ఉండాలి. అది ఖరీదైన వస్తువు కాదు.

ఇప్పుడు కొండ అంచు ఊళ్లలో వర్షాకాలపు రాత్రి సంగతి చూద్దాం. రాగిచేనులో కాలు పెట్టిన మనిషిని రక్తపింజర కాటేసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెచ్చారు. పాము ఏదో చూసినవారు లేరు. అక్కడ నర్సు చేసే పరీక్ష చాలా చిన్నది. రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన, పొడి, మామూలు గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒకసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా కారిపోతే రక్తాన్ని చెడగొట్టే విషం ఎక్కిందని అర్థం, యాంటీవెనమ్ మొదలుపెట్టాలి. ఇక్కడే మెలకువ ఉంది. గొట్టాన్ని సబ్బుపొడితో కడిగి ఉంటే, లేక గాజు బదులు ప్లాస్టిక్ గొట్టం వాడితే, విషం ఎక్కనివాడి రక్తమూ గడ్డకట్టకపోవచ్చు. అవసరం లేని పది వయల్స్ ఆ మనిషి ఒంట్లోకి పోతాయి, ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు. దేశంలోని యాంటీవెనమ్‌కు కావలసిన విషాన్ని అధికభాగం చెన్నై దగ్గర వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరులర్ల సహకార సంఘం సేకరిస్తుంది. ఎంతో శ్రమతో వచ్చిన ఆ మందు వృథా అవుతుంది. 20 నిమిషాలకు బదులు 12 నిమిషాలకే వంచి చూసినా ఇంతే. గొట్టం ఎలా కడిగారు, గడియారం ఎవరు చూశారు అన్న రెండు సంగతుల మీద ఒక చికిత్స మొత్తం నిలబడి ఉంది. క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ అంటే ఏమిటని విద్యార్థులు అడిగితే నేను ఈ గాజు గొట్టాన్నే చూపిస్తాను. పరీక్షకు వేరుగా పెట్టిన కొత్త గొట్టాలు, వాటి మీద సబ్బు తగలకూడదన్న రాత, పక్కన సమయం రాసే కాగితం, సిరంజిలోకి తీసి సిద్ధంగా ఉంచిన అడ్రినలిన్. ఇవి నర్సు తనంతట తాను అమర్చుకోగలిగినవి.

గుర్రపువాతానికి ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ మరో ఉదాహరణ. మందు ప్రాణం నిలుపుతుంది, మోతాదు మించితే ఊపిరి ఆపుతుంది. అందుకే ప్రతి డోసుకు ముందు మోకాలి మీద తట్టి కాలు కదులుతున్నదా, నిమిషానికి ఊపిరులు 16కు తగ్గలేదా, గంటకు కనీసం 30 మిల్లీలీటర్ల మూత్రం వస్తున్నదా అని చూడాలి. కాల్షియం గ్లూకోనేట్ చేతికందేలా ఉండాలి. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు నర్సు దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. ఒక్కటి కుదరకపోయినా, డోసు ఆపే అధికారం ఆమెకు కాగితం మీద స్పష్టంగా రాసి ఇచ్చిన ఆసుపత్రి భద్రమైన ఆసుపత్రి. రాసి ఇవ్వని చోట ఆమె ధైర్యం మీద తల్లి ప్రాణం ఆధారపడుతుంది. ధైర్యం మనిషికీ మనిషికీ మారుతుంది.

భాష సంగతి మన సరిహద్దు ప్రాంతానికి ప్రత్యేకం. ఒకే వార్డులో ఒకే రోజు ఇద్దరు మునియమ్మలు, ముగ్గురు వెంకటమ్మలు ఉండటం మనకు కొత్త కాదు. పడక నంబరుతో పిలిస్తే పడక మారుతుంది. పేరుతో పిలిస్తే ఇద్దరూ 'ఆ' అంటారు. భర్త పేరు, ఊరు, ఆసుపత్రి నంబరు అడిగి, మణికట్టు పట్టీ చదివి, ఆ తరువాతే రక్తం ఎక్కించాలన్న నియమం అందుకు పుట్టింది. లక్షణాలు అడగడం ఇంకా సున్నితమైనది. బెరికె దగ్గరి పల్లె నుంచి వచ్చిన తొలిచూలు పిల్లను పరాయి భాషలో అడిగితే తల ఊపుతుంది. "తలకాయ నొస్తా ఉందా అమ్మణ్ణీ, కండ్లు మసకమసకగా ఉండాయా?" అని ఆమె ఇంటి మాటలో అడిగితే, "అవునక్కా, పొద్దున్నించి దీపం చుట్టూ రింగులు కనిపిస్తా ఉండాయి" అని చెబుతుంది. ఆ జవాబు రక్తపోటు యంత్రం చెప్పనిది. మూడు నాలుగు భాషల్లో ప్రశ్నించగల నర్సును మన జిల్లాలో నియామకాలు చేసేవారు ఒక వైద్య అర్హతగా లెక్కించాలని నేను గట్టిగా కోరుతున్నాను. ప్రమాద సంకేతాల కార్డులు తమిళంతో పాటు తెలుగు, కన్నడం, ఉర్దూ, హిందీ, ఒడియాల్లో ప్రతి ప్రసూతి వార్డు గోడ మీదా ఉండాలి.

ఇంత చూడమని, ఇంత కొలవమని అడుగుతున్నాం. చూడటానికి మనిషి ఉండాలి కదా. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలో, పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో చెప్పినది ప్రపంచమంతటికీ తెలుసు: శస్త్రచికిత్స రోగులున్న చోట ఒక నర్సుకు ఒక రోగి అదనంగా పెరిగిన కొద్దీ, ముప్పై రోజుల్లో మరణించే సంభావ్యత 7 శాతం పెరుగుతుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, సాధారణ ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు ఉండాలంటుంది. మీ వార్డులో రాత్రి పన్నెండింటికి ఎంతమందికి ఒకరున్నారో మీకు తెలుసు, నేను చెప్పనక్కరలేదు. ఉద్యోగ భద్రత కూడా రోగి భద్రతలో భాగమే. 2015లో పోటీ పరీక్ష రాసి ఎంపికైన నర్సులను తమిళనాడు నెలకు 7,700 రూపాయల ఏకీకృత వేతనంతో తీసుకున్నది. 2017 నవంబరులో వారు చెన్నైలో వైద్య సేవల డైరెక్టరేట్ (డి.ఎం.ఎస్.) ప్రాంగణంలో బైఠాయించారు. ఎప్పుడు తీసేస్తారో తెలియని మనిషి, పై అధికారి తప్పును ఎత్తి చూపుతుందని ఆశించడం న్యాయం కాదు. ఆ బైఠాయింపును వేతనాల గొడవగా చూసినవారు సగమే చూశారు.

తప్పు జరిగినప్పుడు మన వ్యవస్థకు మొదట గుర్తొచ్చేది మెమో. తప్పుడు ఇంజెక్షన్ చేతిదాకా వచ్చి ఆగిపోయిన సంఘటనలు ప్రతి వార్డులో ఉంటాయి. అవే అన్నిటికంటే విలువైన పాఠాలు, ఎందుకంటే వాటిలో ఎవరూ నష్టపోలేదు, కారణం మాత్రం బయటపడింది. మెమో భయంతో అవి రిజిస్టరు ఎక్కవు. నాణ్యతా ప్రమాణాల తనిఖీకి ముందు వారం రోజులు పగలూ రాత్రీ రిజిస్టర్లు నింపడం మాత్రం అందరం చూశాం. 2015 నాటి కాయకల్ప్ పరిశుభ్రతా పథకం, 2017 డిసెంబరులో మొదలైన లక్ష్య కార్యక్రమం మన ప్రసూతి గదులకు నిజమైన మేలు చేశాయి: నీళ్లు, తెరలు, శుభ్రత, బిడ్డను వెచ్చగా ఉంచే యంత్రం. ఆ మేలును మార్కుల వేట మింగెయ్యకూడదు.

నిందించకుండా నేర్చుకోవడం మన రాష్ట్రానికి చేతకానిదేమీ కాదు. 1990లలోనే తమిళనాడు ప్రతి మాతృమరణాన్నీ నమోదు చేసి, ఇంటికి వెళ్లి కుటుంబాన్ని అడిగి, జిల్లా స్థాయిలో చర్చించే పద్ధతి మొదలుపెట్టింది. ఎక్కడ ఆలస్యమయింది, ఇంట్లోనా, దారిలోనా, ఆసుపత్రిలోనా అని వెతికారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ముగ్గురు నర్సులను పెట్టి 24 గంటల ప్రసవ సేవలు తెచ్చినది ఆ ఆలస్యాలను తగ్గించడానికే. 2018-20 నాటికి దేశంలో లక్ష సజీవ జననాలకు 97 మాతృమరణాలు ఉంటే, తమిళనాడులో 54, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. మరణించిన తల్లి విషయంలో చేయగలిగిన విచారణను, మరణం అంచుదాకా వెళ్లి బతికిన తల్లి విషయంలోనూ చేయాలి. బతికినవారే ఎక్కువ, వారి కథ చెప్పడానికి వారే ఉన్నారు.

ఉన్నత నర్సింగ్ వృత్తి ఈ ఆలోచనకు సహజమైన తరువాతి మెట్టు. 1965లో కొలరాడోలో లొరెటా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి తొలి నర్సు ప్రాక్టీషనర్ శిక్షణ మొదలుపెట్టారు. డాక్టర్లు చేరని పల్లెల్లో పిల్లల్ని చూడటం దాని ఉద్దేశం. మన దగ్గర ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల నర్సు ప్రాక్టీషనర్ కోర్సును తెచ్చింది. తెలుగువారికి దగ్గరి అనుభవం తెలంగాణలో ఉంది. 1948లో హైదరాబాదులో చిన్న ప్రసూతి ఆసుపత్రిగా మొదలైన ఫెర్నాండెజ్ సంస్థ 2011 నుంచి మిడ్‌వైఫ్‌లకు శిక్షణ ఇస్తున్నది. దాని తోడ్పాటుతో తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. 2018 డిసెంబరులో కేంద్రం నర్సు ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్ మార్గదర్శకాలు విడుదల చేసింది. తెలంగాణకు ఈ అవసరం ఎంత ఉందో ఒక్క అంకె చాలు: 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 ప్రసవాలు సిజేరియన్లు, దేశంలోకెల్లా ఎక్కువ. తమిళనాడులో 44.9. అనవసరమైన కత్తి కూడా రోగి భద్రతకు భంగమే. నొప్పులు పడుతున్న తల్లి పక్కన ఓపికగా కూర్చుని, ఆమెను నడిపించి, కూర్చోబెట్టి, పక్కకు తిప్పి, సహజంగా జరిగే కాన్పును జరగనిచ్చి, తేడా వచ్చిన క్షణంలో డాక్టరును పిలిచే మిడ్‌వైఫ్ ఆ కత్తికి అడ్డు.

అయితే శిక్షణ ఇచ్చి, పదవి ఇవ్వకుండా, తిరిగి పాత వార్డు డ్యూటీలోనే వేస్తే ఆ చదువు వృథా. 2023లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం పాత కౌన్సిల్ స్థానంలో కొత్త వ్యవస్థను నిర్దేశించింది. ఆ కమిషన్ పరిధిలో ఉన్నత శిక్షణ పొందిన నర్సు ఏ మందు రాయవచ్చు, ఏ చికిత్స మొదలుపెట్టవచ్చు, ఏ డోసు ఆపవచ్చు అన్నది ఆసుపత్రి దయమీద కాక నియమావళిలో ఉండాలి. కృష్ణగిరి వైద్య కళాశాల వంటి కొత్త సంస్థలో పాత అలవాట్లు ఇంకా గట్టిపడలేదు. క్రిటికల్ కేర్‌లో, ప్రసూతిలో నర్సు ప్రాక్టీషనర్ పోస్టులు అక్కడ మొదలుపెట్టడం మరే చోటికంటే సులువు.

చివరగా ఒక విషయం అధికారుల ముందు పెడుతున్నాను. మన దగ్గరి నుంచి రోగులు రోజూ పైకి వెళతారు. అంచెట్టి నుంచి డెంకణికోటకు, అక్కడి నుంచి హోసూరుకు, హోసూరు నుంచి బెంగళూరుకు, కృష్ణగిరి నుంచి ధర్మపురికి, సేలానికి. రాష్ట్రం మారినప్పుడు కాగితం భాష మారుతుంది, కంప్యూటర్ వ్యవస్థ మారుతుంది, అప్పగింత చేసే నర్సు, అందుకునే నర్సు ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండరు. ఏ మందు ఎప్పుడు ఇచ్చాం, ఎంత ఇచ్చాం, ఏ అలర్జీ ఉంది అన్న మూడు వరుసలు సగం చీటీల్లో దొరకవు. రెఫరల్ చీటీకి ఒకే నమూనా ఉండాలి, అది ఇంగ్లీషులోనూ అంకెల్లోనూ సరిహద్దుకు ఇరువైపులా చదవగలిగేలా ఉండాలి, పంపే నర్సు అందుకునే నర్సుతో ఫోనులో మాట్లాడి ఆ సమయం చీటీ మీద రాయాలి. అంతకంటే ముఖ్యంగా, ఆ రోగి ఏమయిందో పంపిన చోటికి తిరిగి కబురు రావాలి. రాత్రి రెండింటికి గుర్రపువాతం తల్లికి మొదటి డోసు ఇచ్చి అంబులెన్స్ ఎక్కించిన నర్సు, ఆ తల్లి బతికిందో లేదో తెలియకుండా తరువాతి తల్లికి డోసు ఇస్తున్నది. ఈ తిరుగు కబురుకు కొత్త భవనం అక్కరలేదు, కొత్త బడ్జెట్ అక్కరలేదు. హోసూరు, కృష్ణగిరి ఆసుపత్రుల నర్సింగ్ సూపరింటెండెంట్లు నెలకోసారి కూర్చుని, ఆ నెలలో పైకి పంపిన ప్రతి తల్లి పేరూ చదివి, ఆమె ఏమయిందో పంపిన కేంద్రానికి తెలియజేయాలి. ఆ పని వచ్చే నెల నుంచే మొదలుపెట్టమని ఈ సభలోని సూపరింటెండెంట్లను, ఆరోగ్య శాఖ జాయింట్ డైరెక్టర్ గారి కార్యాలయాన్ని కోరుతున్నాను.